ఎర్రమూత డబ్బా

తన చేత్తో పెట్టింది తిని ఎవరికైనా ఏదైనా అవుతుందేమోనన్నదే చంద్రికకు అన్నిటికన్నా పెద్ద భయం. మిగతావాటికి ఆమె అంతగా బెదరదు. రెండేళ్ళ పిల్లను చంకనేసుకుని, అమీర్‌పేట చౌరస్తాలో బస్సుకూ ఆటోకూ మధ్య సందు చూసుకుని రోడ్డు దాటేస్తుంది. బల్లిని చీపురుతో కొట్టి బయటకు విసిరేస్తుంది. వంటింట్లో ఒక గిన్నె మీద మూత లేకపోతే మాత్రం చేస్తున్న పని వదిలేసి మూత వెతుకుతుంది.

ఊరికే వచ్చిన భయం కాదది. కూతురు వెన్నెలకు ఎనిమిదో నెలలో జ్వరమొస్తే, చుక్కల లెక్కన పోయాల్సిన మందును చంద్రిక చెంచాతో పోసింది. సీసా మీద రాతంతా ఇంగ్లీషు. ఇంటర్ మొదటి సంవత్సరం మధ్యలోనే చదువు మాన్పించి పెళ్ళి చేశారు. ఇంగ్లీషు ఆమె కూడబలుక్కోగలదు కానీ, ఒళ్ళు కాలిపోతూ బిడ్డ ఏడుస్తుంటే కూర్చుని కూడబలుక్కునే ఓపిక ఎవరికుంటుంది? అప్పుడు పైవాటాలో ఉన్న జానకీదేవి గారు ఆ సీసా చూసి, తల్లీబిడ్డలను ఆటో ఎక్కించి సోమాజిగూడ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. “ఏం తాగించారో ఆ సీసా తెచ్చారా? మంచి పని చేశారు” అన్నాడు డాక్టరు. పిల్లకు ఏమీ కాలేదు. కావలసిందంతా చంద్రికకే అయింది. ఆనాటి నుంచి ఆవిడ నేర్పినట్టే ఇంట్లో ప్రతి మందు సీసా మీదా చీటీ, ప్రతి మందు పొట్లం మీదా రాత.

జానకీదేవి గారిది కాకినాడ వైపు. లక్డీకాపూల్‌లో ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయింది. ఒంటరి మనిషి. ఆవిడ పదకొండేళ్ళు ఉన్న ఆ పైవాటాను ఇంటాయన ఖాళీ చేయించి, మూడు గదుల్లో తొమ్మిది మంచాలు వేసి, జావా, డాట్‌నెట్ నేర్చుకునే పిల్లలకు హాస్టల్‌గా ఇచ్చేశాడు. ఆవిడ పంజాగుట్టలో ఒక చిన్న వాటా చూసుకుని వెళ్ళిపోయింది. మనిషి వెళ్ళింది కానీ డబ్బాల రాకపోకలు ఆగలేదు. ఇక్కడి నుంచి సకినాల డబ్బా వెళితే అక్కడి నుంచి అదే డబ్బాలో కందిపొడి వస్తుంది. కందిపొడి డబ్బా ఇంకో నాలుగు రోజులకు రొట్టెలు నలిపి బెల్లం కలిపిన మలీదతో వెళుతుంది. ఒకరి డబ్బా ఇంకొకరికి ఖాళీగా తిప్పి పంపకూడదన్న పట్టింపు ఇద్దరికీ ఉంది. ఏమీ లేకపోతే చారెడు పంచదారైనా వేసి పంపాలి. చంద్రిక అత్త సీతాబాయికి ఆ పట్టింపు మరీ ఎక్కువ.

సీతాబాయికి చదువు రాదు. రాకపోవడం వల్ల ఆమెకు ఏనాడూ ఏ పనీ ఆగలేదు. ఏ డబ్బాలో ఏముందో డబ్బా ఆకారాన్ని బట్టి, దాని సొట్టను బట్టి, చేతికి తగిలే బరువును బట్టి చీకట్లో కూడా చెప్పేస్తుంది. ఆమె పారేసే డబ్బా అంటూ ఉండదు. హార్లిక్స్ సీసాలు, నెయ్యి డబ్బాలు, ఐస్‌క్రీమ్ డబ్బాలు, పెళ్ళిళ్ళలో పేర్లు కొట్టించి పంచిన స్టీలు డబ్బాలు, చివరికి పక్కవాళ్ళ ఇంటికి సున్నం వేసినప్పుడు మిగిలిన చిన్న బకెట్టు కూడా కడిగి, ఎండబెట్టి, వంటగట్టు కింది అరల్లోకి తోసేసింది.

ఆ మంగళవారం ఉదయం చంద్రిక ఓపిక నశించింది. పప్పు డబ్బా కోసం చెయ్యి పెడితే మూతల కుప్ప మీద పడింది. ఒకటి దొర్లుకుంటూ పోయి వెన్నెల కాలికి తగిలింది. పిల్ల ఏడవలేదు, నవ్వింది. చంద్రికకే ఏడుపొచ్చింది. కొంగు బిగించి అరలన్నీ ఖాళీ చేసి నేల మీద పరిచింది. నలభై మూడు డబ్బాలు, అరవై ఒక్క మూతలు. డబ్బాల కన్నా మూతలు అన్ని ఎక్కువుండి కూడా, పదకొండు డబ్బాలకు మూత దొరకలేదు. అది ఎలా సాధ్యమో ఆమెకు ఎంత ఆలోచించినా అర్థం కాలేదు.

“అత్తమ్మా, గీ మూత దేనిది?”

సీతాబాయి గుమ్మంలో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. “దాని డబ్బది.”

“దానిదంటే యాడున్నది మరి ఆ డబ్బ?”

“పలిగిపోయింది.”

“డబ్బ పలిగిపోతే మూత ఎందుకు దాసిపెట్టినవ్?”

“మూత పలగలేదు గదా!”

చంద్రిక ఆ మూతను పక్కకు విసిరింది. సీతాబాయి లేచి వచ్చి, దాన్ని తీసుకుని, కొంగుతో తుడిచి, మళ్ళీ కుప్పలో పెట్టి, వెళ్ళి కూర్చుంది. ఇలా నాలుగైదు సార్లు జరిగాక చంద్రిక విసరడం మానేసింది. ఈలోగా వెన్నెల ఒక మూతను టోపీలా నెత్తిన పెట్టుకుని, రెండింటిని చేతుల్లో పట్టుకుని తాళాలు వాయించడం మొదలుపెట్టింది. నిండుగా ఉన్న పసుపు డబ్బా మూత కూడా అందులో ఒకటి. పసుపు డబ్బా ఎక్కడుందో చూసేసరికి సగం పసుపు గచ్చు మీద ఉంది.

“ఏం పరేషానే నీకు? ఇన్నేండ్లు వండలేదా, తినలేదా? నీ సర్దుడేమో గాని ఇల్లంత సంత జేసినవ్.”

“సర్దకపోతే రేపు ఏది ఏందో తెల్వక ఏదో ఒకటి పోస్తం కూరల. అప్పుడు నువ్వుంటవా చెప్పేటందుకు?”

“నేనేడికి పోత? నీ మొగుడే పోతడు, నీ లొల్లికి.”

మధ్యాహ్నం దాకా కూర్చుని చంద్రిక ఒక పద్ధతి పెట్టింది. డబ్బాలుండేది గట్టు కింద కాబట్టి, నిలబడి చూస్తే కనిపించేవి మూతలే. అందుకని తెల్ల టేపు ముక్కలు కత్తిరించి, స్కెచ్ పెన్నుతో రాసి, మూతల మీద అంటించింది. కందిపప్పు. మినపగుండ్లు. ఉప్పు. పంచదార. అక్షరాలు గుండ్రంగా, టెన్త్‌లో తెలుగు టీచరు మెచ్చుకున్నట్టే వచ్చాయి. బతుకమ్మకు అత్త పంచదార కలిపి దంచిన సత్తుపిండికి చీమలు పడుతున్నాయని, ఆ పిండిని సొట్టడబ్బాలో నుంచి తీసి, మరమూత ఉన్న పెద్ద సీసాలో పోసి, దాన్ని పై అరలో పెట్టింది. సొట్టడబ్బా అంటే సీతాబాయి పెళ్ళినాటి స్టీలు డబ్బా. అడుగున ఒకవైపు సొట్ట. చంద్రిక ఈ ఇంట్లో అడుగుపెట్టకముందు నుంచీ సత్తుపిండి ఉండేది దాంట్లోనే.

ఖాళీ అయిన సొట్టడబ్బాలో చంద్రిక బొద్దింకల మందు పోసింది. పైన హాస్టల్ వచ్చినప్పటి నుంచి పైపుల వెంట బొద్దింకలు దిగుతున్నాయి. గోధుమపిండి, పంచదార, బోరిక్ పౌడరు కలిపి ఉంచుకుని, కావలసినప్పుడు కొంచెం తీసి పాలతో తడిపి ఉండలు చేసి మూలల్లో పెడుతుంది. ఇన్నాళ్ళూ అది కాగితం పొట్లంలో అటక మీద ఉండేది. స్టీలు డబ్బాలో అయితే పిల్ల తీయలేదు. పైగా నెయ్యి డబ్బా తాలూకు ఎర్ర ప్లాస్టిక్ మూత ఒత్తి చూస్తే దానికి గట్టిగా పట్టింది. దాని మీద ‘మందు. తినొద్దు’ అని రాసి, రెండు గీతలు కొట్టింది. అత్తకు చదువు రాదు, రంగైతే తెలుస్తుంది కదా అని ఎర్రమూతే ఎంచుకుంది. తన తెలివికి తనే ఒకసారి మురిసిపోయింది కూడా.

సాయంత్రం ఆమె పిల్లను మెట్ల మీద కూర్చోబెట్టి అన్నం తినిపించింది. తర్వాత లోపలికి వచ్చి, అరల ముందు నిలబడి, అత్తకు గట్టిగా చెప్పింది. “అత్తమ్మా, ఎర్రమూత ఉన్నది ముట్టకు. అది విషం. మళ్ళ చెప్తున్న, ఎర్రమూత.”

“ముట్టను పో” అంది సీతాబాయి.

బుధవారం పన్నెండున్నరకు, పిల్ల నిద్రపోయిందని చంద్రిక ఉండలు చేద్దామని కూర్చుంది. ఎర్రమూత తీసింది. కింద ఎండుమిరపకాయలున్నాయి.

ఒక్క క్షణం తను చూస్తున్నదేమిటో తెలియలేదు. డబ్బా కూడా సొట్టడబ్బా కాదు, మిరపకాయల డబ్బానే. సొట్టడబ్బా వెనక్కు జరిగి, ఎప్పుడూ ఉండే మూలలో, ఎప్పుడూ ఉండే బొడిపె స్టీలు మూతతో ఉంది. తీసి చూసింది. నిన్న నిండా పోసింది, ఇప్పుడు సగానికి ఉంది.

“అత్తమ్మా!”

ఆ కేకకు సీతాబాయి ఒళ్ళోని బియ్యం చాట పక్కన పెట్టి వచ్చింది.

“దీంట్లకెంచి ఎవలు తీసిండ్రు?”

“నేనే. జానకమ్మ డబ్బ పది రోజుల సంది మనింట్లనే ఉండె. ఖాళీగ పంపుతమా? సత్తు పోసి పంపిన. అనుదీపు పొద్దుగాల తీస్కపోయిండు.”

“ఎర్రమూత ముట్టకన్న గదా!”

“ఎర్రమూత యాడ ముట్టిన? అది మిరపకాయల మీదున్నది. నువ్వు చెప్పినవని మిరపకాయలు సుత ముట్టలే. రాత్రి పప్పుల ఒక్క మిరపకాయ వెయ్యలే. సప్పగున్నదని నీ మొగుడు మూతి ముడ్సుకుంటె నువ్వే జూసినవ్.”

“అది మిరపకాయల మీదికి ఎట్లొచ్చింది?”

“నేనే పెట్టిన. మాపటీలి నువ్వు పిల్లకు బువ్వ పెడుతున్నప్పుడు. నా సొట్టడబ్బకు ప్లాస్టిక్ మూతేందే? దాని మూత దానికుండె. నువ్వేగద పొద్దటి సంది దేని మూత దానికి, దేని మూత దానికి అని చంపితివి. దాని మూత దానికి పెట్టిన. ఎర్రది మిరపకాయలకు పెట్టిన.”

అంటే సీతాబాయి మూత మార్చాక చంద్రిక హెచ్చరించింది. హెచ్చరించినప్పుడు ఎర్రమూత కింద ఉన్నది మిరపకాయలు. అత్త చెప్పినట్టే విన్నది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి చెప్పినట్టు విన్నది.

చంద్రికకు అత్త మీద అరవాలనిపించింది. కానీ సత్తుపిండిని దాని చోటులోంచి తీసిందెవరు? విషాన్ని తిండి డబ్బాలో పోసిందెవరు? మూత మీద రాస్తే డబ్బా మీద రాసినట్టే అనుకున్నదెవరు? ఎర్రమూత డబ్బా అని ఈ ఇంట్లో ఏ డబ్బా లేదు. సొట్టడబ్బా మాత్రం ముప్ఫై ఎనిమిదేళ్ళుగా సొట్టడబ్బానే.

ల్యాండ్‌లైన్‌లో భర్త అనుదీప్ సెల్‌కు చేసింది. అతను కంపెనీల్లో కంప్యూటర్లు బాగుచేసే పని చేస్తాడు.

“ఇచ్చిన, తొమ్మిదిన్నరకే. మస్తు ఖుషీ అయింది. మధ్యాహ్నం పాలల్ల కలుపుకొని తింట అన్నది. ఏమైంది?”

చంద్రిక చెప్పింది.

“ఫోన్ చెయ్యి ఆమెకు.”

“ఆమె ఫోన్ యాడ పనిచేస్తున్నది? ఫ్లైఓవర్ తవ్వుతుంటే వైరు తెగిందని మీరే చెప్తిరి.”

“నేను లక్డీకాపూల్‌ల ఉన్న. బయలుదేరుత. గంట పడ్తది. నువ్వు ఫికర్ జెయ్యకు.”

గంట! ఆమె ఫోన్ పెట్టేసి, నిద్రపోతున్న పిల్లను భుజాన వేసుకుంది. పిల్లను అత్త దగ్గర వదిలి వెళ్ళొచ్చు. కానీ వంటింట్లో ఆ డబ్బాలున్నాయి. ఇక ఆ డబ్బాల్లో దేన్నీ ఆమె నమ్మలేదు. డాక్టరు అడుగుతాడని సొట్టడబ్బాను చంకలో ఇరికించుకుంది. చెప్పులేసుకుంటుంటే సీతాబాయి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ వెనకే వచ్చింది.

“నువ్వెందుకు?”

“నా చేత్తోని పోసిన. నేను రాకపోతే ఎట్ల?”

షేర్ ఆటోలో అప్పటికే నలుగురున్నారు. ముగ్గురు ఒళ్ళో లావుపాటి జిరాక్సు నోట్సులు పెట్టుకున్న పిల్లలు, ఒకామె చేతిలో కూరగాయల సంచి. వీళ్ళిద్దరూ ఇరుక్కుని కూర్చున్నారు. డబ్బాను సీతాబాయి ఒళ్ళో పెట్టుకుంది.

“నాకు చెప్పకుంట నా డబ్బ ఎందుకు ముట్టినవ్ అసలు?”

“చీమలు పట్టినయ్ అత్తమ్మా!”

“పడితె పట్టినయ్. చీమలు తింటె ఎంత తింటయ్? ఇప్పుడు జూడు.”

“నన్నే అంటవా? మూత మార్చినప్పుడు లోపల ఒక్కసారి చూసుకోవా? వాసన తెల్వదా?”

“పిండి లెక్కనే ఉండె, పంచదార లెక్కనే ఉండె. నువ్వు గంత మంచిగ కలిపితివి!”

కూరగాయల సంచి ఆమె సీతాబాయి ఒళ్ళోకి తొంగిచూసింది. “సత్తుపిండా పెద్దమ్మా? నువ్వులదా, పల్లీలదా?”

“విషం” అంది సీతాబాయి.

ఆమె సంచి తీసుకుని అటు జరిగింది. జరగడానికి చోటు లేక పిల్లలు ముగ్గురూ ఒకరి మీద ఒకరు ఒరిగారు. డ్రైవర్ అద్దంలోంచి ఒకసారి చూసి, “జర దిగి పంచాయితీ పెట్టుకోండ్రి అమ్మా, నా బండ్ల కాదు” అన్నాడు. అతను అన్నా అనకపోయినా దిగాల్సే వచ్చింది. పంజాగుట్ట ఇంకా రెండు స్టాపులుందనగా ఫ్లైఓవర్ పనుల దగ్గర బండ్లన్నీ ఆగిపోయాయి. హారన్లు మోగుతున్నాయి తప్ప ఒక్క చక్రం కదలడం లేదు. చంద్రిక పిల్లను ఆ భుజం మీంచి ఈ భుజం మీదికి మార్చుకుని నడక మొదలుపెట్టింది. ఇసుక కుప్పలు, ఇనుప చువ్వలు, దుమ్ము. వెనక సీతాబాయి మోకాళ్ళ నొప్పులతో, డబ్బాను రెండు చేతులా పట్టుకుని, “ఉరకకే, పిల్ల పడ్తది” అని అరుస్తూ తనే ఉరికినట్టు వస్తోంది.

దారి పొడుగునా చంద్రికకు ఒకే దృశ్యం. ఆవిడ గ్లాసులో పాలు పోసుకుంటుంది. నాలుగు చెంచాలు వేసుకుంటుంది. కళ్ళజోడు మరిచిపోయి ఉంటుంది, ఎప్పుడూ మరిచిపోతుంది. ఇంకో చెంచా వేసుకుంటుంది, సీతాబాయి గారి చెయ్యి మంచిదని. ఆనాడు తన బిడ్డను ఆటో ఎక్కించిన మనిషి. సీసా మీద చీటీ అంటించడం నేర్పిన మనిషి.

వాటా తలుపు మూసి ఉంది. చంద్రిక కొట్టింది. పలకలేదు. మళ్ళీ కొట్టింది. లోపల ఏదో లోహం నేలకు తగిలిన చప్పుడైంది, తర్వాత ఏమీ లేదు.

“ఆంటీ! ఆంటీ, తలుపు తీయండి!”

సీతాబాయి డబ్బాతోనే తలుపు మీద కొట్టడం మొదలుపెట్టింది. పక్క వాటావాళ్ళ కిటికీ తెరుచుకుంది. వెన్నెల లేచి ఏడుపందుకుంది. అప్పుడు లోపలి నుంచి, నింపాదిగా, “వస్తున్నా, వస్తున్నా, ఏంటా బాదుడు? కింద కూర్చుంటే లేవడానికి టైము పట్టదూ?” అని వినిపించింది.

తలుపు తెరుచుకుంది. జానకీదేవి గారు ఒక చేతిలో తడి తువ్వాలు, ఒక చేతిలో స్క్రూడ్రైవరుతో నిలబడి ఉంది. కుడిచేతి చూపుడువేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది. గది మధ్యలో, నేల మీద, ఆవిడ రిటైర్మెంటుకు ఆఫీసువాళ్ళు పేరు కొట్టించి ఇచ్చిన స్టీలు డబ్బా. దాని మూత మీద గీతలు, అంచులకు సొట్టలు. మూత మాత్రం అలాగే ఉంది.

“తిన్నరా ఆంటీ? తిన్నరా మీరు?”

“తినాలంటే అది రావాలి కదమ్మా!” అని ఆవిడ సీతాబాయి వైపు తిరిగింది. “ఏంటండీ సీతాబాయి గారూ, మీరు మూత పెట్టారా, సీలు వేశారా? గంటన్నర నుంచి కుస్తీ పడుతున్నాను దీంతో.”

చంద్రిక గుమ్మంలోనే కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో పిల్లకు అర్థం కాక, పిల్ల ఏడుపు ఆపి తల్లి మొహం చూసింది. సీతాబాయి లోపలికి వెళ్ళి ఆ డబ్బాను తీసుకుని, మూత తీయకుండానే బయట పెరట్లో పెట్టి వచ్చింది. “నేనే గుద్దిన” అంది. “బండి మీద ఒలుకుతదని, అరచేత్తోని నాలుగు దెబ్బలు గుద్దిన.”

బోరిక్ పౌడర్ సంగతి విని జానకీదేవి గారు మంచం అంచున కూర్చుంది. తర్వాత తన చేతుల వంక చూసుకుంది. వేళ్ళ కణుపులు ఉబ్బి, వంకర తిరిగి ఉన్నాయి. “అయితే ఈ కీళ్ళవాతమే నన్ను బతికించిందన్న మాట. ఇన్నాళ్ళూ తిట్టుకున్నాను పాపం” అని నవ్వింది.

“నవ్వకండి ఆంటీ! నవ్వే ముచ్చటనా ఇది? నా పానం ఎట్లున్నదో తెలుసా మీకు?”

“సరే, నవ్వను. మంచినీళ్ళు తాగు ముందు. కుండ మీద ప్లేటుంది చూడు.”

నీళ్ళకు వెళ్ళినప్పుడు చంద్రిక వంటగది చూసింది. కుండ మీద మూత లేదు, ప్లేటు బోర్లించి ఉంది. బియ్యం బకెట్టు మీద పాత పేపరు, దాని మీద అట్లకాడ. స్టౌ మీద ఏమీ వండిన జాడ లేదు. బ్రెడ్డు కవరు, అరటిపళ్ళ తొక్కలు. కిటికీ గట్టు మీద వరసగా ఆరు డబ్బాలు, ఆరింటి మూతలూ బిగించే ఉన్నాయి. చివరిది తమ ఇంటిదే. పోయిన వారం తాము మలీద పోసి పంపిన డబ్బా. చంద్రిక దాని మూత తీసింది. మలీద మీద పచ్చగా బూజు.

“ఆంటీ, గిదేంది? తినలేదా మీరు?”

ఆవిడ ముందు, “తినబుద్ధి కాలేదమ్మా” అంది. చంద్రిక పచ్చడి సీసా తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. “తీయండి దీన్ని.” ఆవిడ తీయలేదు. సీసా వైపు చూడనైనా చూడలేదు.

పని చేసే సత్తెమ్మ బతుకమ్మకు ఊరెళ్ళి తొమ్మిది రోజులైందట. ఉన్నప్పుడు ఆ పిల్లే పొద్దున్నే వచ్చి ఆ రోజుకు కావలసిన మూతలన్నీ వదులు చేసి పెట్టి వెళ్ళేదట. అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు. చంద్రిక ఇంటి నుంచి వెళ్ళిన డబ్బా ప్రతిసారీ కడిగి, నిండి తిరిగి వచ్చింది. నింపిందెవరో, మూత పెట్టిందెవరో ఎవరు అడుగుతారు?

సీతాబాయికి కోపం నషాళానికి అంటింది. “నోరు లేదా జానకమ్మా నీకు? తొమ్మిది రోజులు రొట్టె ముక్కలు నములుకుంట కూసున్నవా? పక్కల మనుషులు లేరా?”

“ఉన్నారు. మంచివాళ్ళే.”

“మరి?”

“ఏమని అడగనండీ? ఒకసారైతే అడుగుతాను. పొద్దున కాఫీపొడి మూత, మధ్యాహ్నం పచ్చడి మూత, రాత్రి పంచదార మూత. పూటకోసారి తలుపు కొడితే, ఏంటీవిడ అనుకోరూ? ముప్ఫై నాలుగేళ్ళు ఆఫీసు నడిపినదాన్ని, ఒక మూత తీసిపెట్టండి నాయనా అని నిలబడాలంటే…” అని ఆపేసి, వెన్నెలను దగ్గరకు లాక్కుంది. “అయినా మీకు మాత్రం ఎందుకు చెప్పాలి, మీ గొడవలు మీకున్నాయి.”

“మా గొడవలే! మా గొడవలు మాకున్నయ్ గనకనే నిన్ను సంపబోయినం ఇయ్యాల” అంది సీతాబాయి. అని, కిటికీ గట్టు మీది డబ్బాలన్నీ నేల మీదికి దించి, చీర కొంగు చేతికి చుట్టుకుని, ఒక్కో మూత తీయడం మొదలుపెట్టింది. తీస్తున్నంతసేపూ తిడుతూనే ఉంది. కొన్ని తిట్లు జానకీదేవి గారికి, కొన్ని కోడలికి, ఎక్కువ భాగం మూతలు తయారు చేసిన కంపెనీలకు. చంద్రిక బియ్యం కడిగింది. చెమటలు కక్కుకుంటూ అనుదీప్ వచ్చేసరికి అన్నం ఉడుకుతోంది, ముగ్గురు ఆడవాళ్ళూ ఒకరి మాట ఒకరికి వినపడకుండా కొట్లాడుకుంటున్నారు. “ఏమైంది? బాగనే ఉన్నదా?” అని అతను అడిగితే, “కనబడ్తలేదా?” అని ముగ్గురూ అతని మీద పడ్డారు.

ఇంటికొచ్చాక చంద్రిక బొద్దింకల మందంతా కాలువలో పోసింది. రాతలన్నీ మూతల మీంచి పీకి డబ్బాలకు అంటించింది. ఏ డబ్బాలో ఏది ఉండాలన్నది మాత్రం అత్తనే అడిగి పెట్టింది. అడిగిన ప్రతిసారీ సీతాబాయి, “ఇది సుత తెల్వదా?” అనకుండా చెప్పలేదు.

ఇప్పుడు చంద్రిక బుధవారం, శనివారం పంజాగుట్ట వెళుతుంది. మూతలు వదులు చేసి, కావలసినవి గిన్నెల్లోకి తీసి, మీద ప్లేట్లు బోర్లించి వస్తుంది. సత్తెమ్మ ఊరి నుంచి వచ్చింది కానీ, ఇంకో నాలుగిళ్ళ పని ఒప్పుకుంది. ఒక రోజు వస్తే ఒక రోజు రాదు. మిగిలిన ఐదు రోజులూ చంద్రికకు ఇక్కడ పిల్ల, అక్కడ ఆవిడ, మధ్యలో కదలని ట్రాఫిక్కు. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోతుంది. భయం పోలేదు. కాకపోతే, తను పెట్టింది తిని ఎవరికేమవుతుందో అన్న భయం పక్కన, పెట్టింది తినలేక ఎవరు కూర్చున్నారో అన్న భయం ఇంకొకటి చేరింది.

మీరు ఎప్పుడైనా పంజాగుట్ట వైపు వెళితే, అక్కడి పెద్దాసుపత్రి వెనక సందులో రెండో మలుపు, నీలం గేటు, కింది వాటా. తలుపు కొట్టి, ఆవిడ లేచి వచ్చేదాకా ఆగండి, టైము పడుతుంది. మూతలు వస్తున్నాయా అని అడగకండి, వస్తున్నాయనే అంటుంది. మంచినీళ్ళు కావాలని లోపలికి వెళ్ళి, కిటికీ గట్టు మీద మూత బిగించి ఉన్న డబ్బాలు ఎన్ని ఉన్నాయో ఒక్కసారి చూసి రండి.